సిద్దిపేటలో ఒక జర్మనీ కారు బేరం

చౌకగా వచ్చేదాన్ని కొనడం మా ఇంటి పద్ధతి కాదు. కొనగలిగినన్నాళ్లు మేలైనదే కొన్నాం. కొనలేని రోజులు వచ్చాక కొనడమే మానుకున్నాం. అటువంటి నేను ఆదివారం పత్రికలో నాలుగు పంక్తుల ప్రకటన చూసి, కాగితం మడిచి జేబులో పెట్టుకుని, మూడు రోజులు ఎవరికీ చెప్పకుండా తిరిగాను.

'జర్మనీ కారు. రెండు తలుపులది. ఆరు సిలిండర్లు. కాగితాలన్నీ ఉన్నవి. ముప్పై రెండు వేలు. స్వయంగా వచ్చి చూసి కొనవలెను. సిద్దిపేట.'

ఆ రోజుల్లో పదేళ్లు తిరిగిన అంబాసిడరు కూడా ఆ ధరకు దొరికేది కాదు. నాకు తెలిసిన ఒకే ఒక్క మోటారు వ్యాపారికి చూపిస్తే, ఆయన పూర్తిగా చదవకుండానే కాగితం తిరిగి ఇచ్చేశాడు. "బాబుగారూ, ఇది దొంగబండి అయినా అయ్యుండాలి, ఎవరైనా చచ్చిన బండి అయినా అయ్యుండాలండి. మూడోది లేదు" అన్నాడు.

అయినా ఉత్తరం రాశాను. వారానికి జవాబు వచ్చింది. కార్డు మీద రెండే వాక్యాలు: 'కారు ఉన్నది. చూడకుండా పైసలు పంపొద్దు.' మోసగాడు అలా రాయడనిపించింది.

నాకు ఆ కారు ఎందుకు కావలసి వచ్చిందో చెప్పాలి. మాది గోదావరి పాయ పక్కన ఒక ఊరు. మాఘమాసంలో మా స్వామికి కల్యాణం జరుగుతుంది. మర్నాడు రథం కదిలితే, దాని వెనుక నడిచే మొదటి వాహనం మా ఇంటిది. తాతగారి చిన్నతనంలో ఏనుగు ఉండేదట. నేను ఎరిగిన కాలంలో నల్లటి కారు. ఆ కారు అమ్ముడుపోయి పద్దెనిమిదేళ్లు. అప్పటినుంచి రథం వెనుక పది గజాల చోటు ఖాళీగా వదిలి, దాని వెనుక మిగతా బళ్లు నడుస్తున్నాయి. ఆ ఖాళీ చోటే మాకు మిగిలిన మర్యాద. ఈ ఏడు ధర్మకర్తలు కబురు పంపారు: మా బండి రాకపోతే ఆ చోటు రైసుమిల్లు యజమానికి ఇస్తారట, ఆయన కొత్త కారు కొన్నాడట. కబురు తెచ్చినవాడు తల వంచుకుని చెప్పాడు. నేను తల వంచలేదు. మిగిలిన కొబ్బరితోట అమ్మి, ఆ సొమ్ము కోటు లోపలి జేబులో పెట్టుకున్నాను. మా ఆవిడ ఆ జేబును దారంతో కుట్టేసింది. రథానికి అప్పటికి ఇంకా ఇరవై రెండు రోజులు ఉంది.

ఎర్రబస్సు

రాత్రి రైలు గురించి చెప్పడానికేమీ లేదు. సికింద్రాబాదులో దిగి సిద్దిపేట బస్సెక్కేసరికి తెల్లవారి ఎండ కిటికీల్లో పడుతోంది. నా పక్కన ఒక ముసలామె బుట్టతో వచ్చి నిలబడింది.

"జర జరుగు అన్నా."

నన్ను ఎవరూ జరగమని అడిగి ఎరగరు. అడిగేవాళ్లు మా వైపు 'కాస్త తమరు' అని మొదలుపెట్టి, మిగతాది చెప్పలేక ఊరుకుంటారు. జరిగాను. ఆమె బుట్ట ఒడిలో పెట్టుకుని కాసేపు నన్నే చూసింది.

"గట్ల కట్టె లెక్క కూసున్నవేంది? నడుం నొయ్యదా?"

"నాకు అలవాటే" అన్నాను.

"ఏం అలవాటో ఏమో! ఎనక్కి ఒరుగు. సీటు గవర్నమెంటోళ్లదే, అరగదు."

ముందు సీట్లోవాళ్లు నవ్వారు. కాసేపటికి ఆమె బుట్టలోంచి గుప్పెడు రేగుపళ్లు తీసి నా చేతిలో పోసింది. ఎంత అని అడిగాను. "పైసలిచ్చి తినేటోనివైతే బజార్ల కొనుక్కో" అని మొహం తిప్పుకుంది. ఆ పళ్లు పుల్లగా, మెత్తగా, కాస్త ఎండిన వాసనతో ఉన్నాయి. గింజలు ఎక్కడ ఉమ్మాలో తెలియక కోటు జేబులో వేసుకున్నాను.

కిటికీ బయట నేల మా నేల కాదు. గుండ్రాళ్లు ఒకదాని మీద ఒకటి, ఎవరో పేర్చి మధ్యలో పిలుపు వినబడి వెళ్లిపోయినట్టు నిలబడి ఉన్నాయి. వాటి మధ్య చిన్న చిన్న ముక్కల్లో పచ్చదనం. ప్రతి ముక్క పక్కన ఒక బావి. మా వైపు నీళ్లు అడగకుండానే కాలువలో నడిచి వస్తాయి. నేల కింద ఉన్న నీటిని పైకి లాగితేనే ఆకుపచ్చ రంగు పుడుతుందని నేను యాభై రెండేళ్లు వచ్చేదాకా చూడలేదు. బస్సు ఊగుతుంటే, మంచు విడిపోతుంటే, ఆ పచ్చ ముక్కలు కలలో కనబడి ఆరిపోయే దీపాల్లా ఒకదాని వెనుక ఒకటి వెళ్లిపోయాయి. నా కలలో మాత్రం ఒకటే కారు. దాని రంగు ఏమిటో ప్రకటనలో రాయలేదు. వెండిరంగు అనుకున్నాను.

సిద్దిపేట, మధ్యాహ్నం

బస్టాండు ఎదురుగా హోటల్లో కాఫీ అడిగితే సర్వరు నన్ను జాలిగా చూశాడు. "చాయ్ ఉన్నది" అన్నాడు. డెబ్బై అయిదు పైసలు. పక్కన కూర్చున్న పెద్దమనుషులంతా చాయ్ సాసరులో పోసుకుని, ఊది, చప్పుడు చేస్తూ తాగుతున్నారు. మా ఇంట్లో సాసరు కప్పు కింద ఉండటానికే. ఊరిని బట్టి ఉండాలని నేనూ పోసుకున్నాను. సాసరు పెదవి దాకా రాకముందే సగం చొక్కా మీదకు వచ్చింది. ఎదుటివాడు తన తువ్వాలు అందించి, "కొత్తల గట్లనే అయితది" అన్నాడు, ఈత నేర్పేవాడిలా.

బజారులో ఒక మగ్గం ఇంటి ముందు ఆగాను. చీర అంచు మీద తలపై కుండ, చేతిలో చల్లచెంబు పట్టుకున్న గొల్లభామలు వరసగా నడుస్తున్నారు. ఒక్కొక్క బొమ్మకూ దారాలు లెక్కపెట్టి ఎత్తాలట. నేత ఆయన చెయ్యి ఆపకుండా, "ఇంకో జానెడు నేస్తే ఇంకో అయిదుగురు వస్తరు" అన్నాడు. వాళ్లు ఎక్కడికి నడుస్తున్నారో అడగాలనిపించింది కానీ అడగలేదు.

కారు మనిషి నన్ను వెతుక్కుంటూ సైకిలు మీద వచ్చాడు. పేరు మల్లేశం. ముప్పై దాటి ఉంటాయి. ఇస్త్రీ ప్యాంటు, చేతికి పెద్ద గల్ఫు గడియారం, కాళ్లకు రబ్బరు చెప్పులు. తొమ్మిదేళ్లు దుబాయిలో ఒక ముసలి షావుకారుకు కారు నడిపాడట.

"ఆయన కండ్లు పోయినయి సారూ. కనవడనోనికి కారెందుకు, నువ్వు తీస్కపో అన్నడు. ఓడ కిరాయి ఆయన్నే ఇచ్చిండు. కస్టం పన్ను గూడ ఆయన్నే కట్టిండు. రసీదులున్నయి, చూస్తవా?"

రసీదులు చూశాను. నంబర్లన్నీ సరిపోయాయి. దొంగబండి కాదు. మా వ్యాపారి చెప్పిన వాటిలో మొదటిది కొట్టేశాను.

షెడ్డు

కారు పాత బజారు చివర గౌస్ అనే మెకానిక్ షెడ్డులో ఉంది. గౌస్ నా ఈడువాడే. తెల్లగడ్డం, వేళ్ల సందుల్లో ఎన్ని సబ్బులకూ పోని నలుపు. కారు మీద పెళ్లి షామియానా గుడ్డ కప్పి ఉంది. మల్లేశం ఒక కొస, గౌస్ ఒక కొస పట్టుకుని లాగారు.

వెండిరంగు కాదు. ముదురు నీలం, వాన వచ్చే ముందు ఆకాశం రంగు. రేకు కప్పులో బొక్కల్లోంచి ఎండ చుక్కలు చుక్కలుగా దాని మీద పడి కదలకుండా నిలిచింది. అంత పొడుగు కారు, అంత తక్కువ ఎత్తు. నిలబడి ఉన్నా ఎక్కడికో వెళుతున్నట్టే ఉంది.

నేను మురిసిపోవడానికి రాలేదు, పరీక్షించడానికి వచ్చాను. తాతగారి డ్రైవరు నా చిన్నతనంలో నేర్పిన పరీక్షలు మూడు. వేలి కణుపుతో రేకు కొట్టి వినాలి: మొద్దు చప్పుడు వస్తే కింద లప్పం పూసి ఉంటుంది. అంత పొడవునా కొట్టాను. అంతటా ఒకే గంట. తలుపు సందులో కాగితం పెట్టి మూసి లాగాలి: ఊరికే వస్తే తలుపు వంగి ఉంటుంది. కాగితం చిరిగింది కానీ రాలేదు. మూడోది, లోపలి తివాచీ ఎత్తి వాసన చూడాలి: నీట మునిగిన బండి అయితే పదేళ్లయినా దాచుకోలేదు. తివాచీ ఎత్తితే వాసన రాలేదు. సన్నటి పసుపుపచ్చ ఇసుక జలజలా నా అరచేతిలోకి రాలింది.

"దుబాయి ఇసుక సారూ" అన్నాడు మల్లేశం. "ఎంత దులిపినా పోదు."

లోపల కూర్చున్నాను. స్టీరింగు ఎడమవైపు. తోలు సీటు నన్ను వెనక్కి వాలమంది. పొద్దున బస్సులో ముసలామె చెప్పినా వినని నేను వాలాను. వేగం చూపే గడియారంలో అంకెలు రెండు వందల నలభై దాకా ఉన్నాయి. మా ఊరి రథం గంటకు ఎంత నడుస్తుందో ఎవరూ కొలవలేదు. ఆ రెంటి మధ్య ఎంత దూరం ఉందో ఆలోచిస్తూ ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. అద్దంలో రేకు షెడ్డు లేదు. రథం ఉంది, దాని వెనుక ఇసుక ఎగురుతోంది.

"బానెట్ తెరవండి" అన్నాను, దిగి.

మల్లేశం గౌస్ వైపు చూశాడు. గౌస్ పైకప్పు వైపు చూశాడు.

"ముందుగాల చాయ్ తాగుదాం సారూ."

"తెరవండి."

"జర పైలం మరి. కొడుతది."

"ఏది?"

"కోడి."

బానెట్ లేచింది. ఇంజను ఉండాల్సిన చోట గడ్డి పరిచి ఉంది. గడ్డి మీద ఎర్రకోడి ఒళ్లంతా ఉబ్బించి కూర్చుని ఒక కన్నుతో నన్ను చూసింది. దాని పక్కనుంచి కింద నేల కనిపించింది.

"పొదుగుతున్నది సార్, పదకొండు గుడ్లు" అన్నాడు గౌస్ మెల్లగా. "గట్టిగ మాట్లాడకున్రి."

నేను ఒక్కమాట కూడా అనకుండా రోడ్డు మీదకు వచ్చేశాను. కోపం వస్తే మాట్లాడకపోవడం మాకు చిన్నప్పటినుంచీ నేర్పిన విద్య. మల్లేశం వెనకాలే పరుగెత్తుకొచ్చాడు.

"ఇంజను ఉన్నది సారూ! దొంగలు ఎత్కపోలే. నడుస్తున్నది. మిరుదొడ్డి అవతల మా బాయి మీద ఉన్నది."

"బావి మీదా?"

"నిరుడు యాసంగిల కరెంటు మోటరు కాలిపోయింది. నాట్లేసినం, నీళ్లు లేవు. ఇంట్ల ఇంత పెద్ద ఇంజను పెట్టుకొని వరి ఎండవెడుతమా? గౌస్ భాయ్ ఊడదీసి బాయికి బిగించిండు." కాస్త ఆగి, గొంతు తగ్గించి అన్నాడు: "ఇంత దూరం వచ్చి ఇంజను ఇనకుండనే పోతవా? ఒక్కపారి ఇను సారూ."

ఆ చివరి మాటే నన్ను ఆ రాత్రికి ఆపింది.

ఇరవై రూపాయల గది

లాడ్జీలో గదికి ఇరవై రూపాయలు, వేడినీళ్ల బకెట్టుకు రూపాయి. సాయంత్రం కోమటిచెరువు గట్టు మీద నడిచాను. నీళ్లు రాగిరంగు నుంచి ఊదారంగుకు మారుతున్నాయి. ఒక ముసలాయన గేదెలను తోలుకుపోతూ నన్ను దాటి, మళ్లీ వెనక్కి తిరిగి, "ఎవరింటికి వచ్చినవ్?" అని అడిగాడు. "ఎవరింటికీ కాదు" అన్నాను. అది ఆయనకు నచ్చలేదు. "ఎవరింటికీ రాకుంట ఎవరన్నా వస్తరా?" అనుకుంటూ వెళ్లిపోయాడు.

మెస్సులో భోజనం ఆరు రూపాయలు. జొన్నరొట్టె, వంకాయ, పచ్చిపులుసు. మా వైపు పులుసు అంటే పొయ్యి మీద ఉడకాల్సిందే. ఇక్కడ చింతపండు నీళ్లలో ఉల్లిపాయ, పచ్చిమిర్చి నలిపి అలాగే పోస్తారు. నిప్పు ఎరగని పులుసు అంత కారంగా ఎలా ఉందో నాకు అర్థం కాలేదు. మూడుసార్లు పోయించుకున్నాను. వడ్డించే ఆవిడ, "కండ్లల్ల నీళ్లొస్తున్నయ్, ఇంకా పోసుకుంటున్నవ్. మంచిగనే తింటవ్" అంది.

సైకిలు వెనుక

తెల్లవారి మిరుదొడ్డి దాకా బస్సు. అక్కడినుంచి మల్లేశం ఊరికి మూడు మైళ్లు. బస్సు లేదు, ఎడ్లబండి దొరకలేదు. మల్లేశం ఒక దుకాణంలో సైకిలు కిరాయికి తీసుకుని, వెనుక సీటు చేత్తో తుడిచాడు.

"కూసో సారూ."

మా వంశంలో సైకిలు వెనుక కూర్చున్న మొదటివాణ్ని నేనే అయి ఉంటాను. నిటారుగానే కూర్చున్నాను. ఎదురుగా వస్తున్న ఆడవాళ్లు ఆగి చూశారు. "మల్లేశం, పెండ్లికొడుకునెవన్ని తోల్కపోతున్నవ్?" అని ఒకామె అరిచింది. "కారు కొనేటాయన!" అని మల్లేశం అరిచాడు. "కారు కొనేటోడు సైకిల్ మీద వస్తుండు!" అని వాళ్లు నవ్వుతూ మంచులో కలిసిపోయారు. నవ్వు మాత్రం కాసేపు దారిలోనే నిలబడి ఉంది.

మంచు పొలాల మీద అడుగు ఎత్తున తేలుతోంది. చెట్లకు కాళ్లు లేవు. దూరంగా ఎక్కడో ఒక సన్నటి, ఎడతెగని గొంతు వినబడింది. తుమ్మెద అనుకున్నాను. దగ్గరవుతున్న కొద్దీ అది లావై, నున్నబడి, వీణ మీద మంద్రంలో తీగ మీటి ఆపనట్టుగా అయింది. ఆ ధ్వని ఏదో నాకు మల్లేశం చెప్పకముందే తెలిసింది. సైకిలు ఆగకముందే దిగాను. గట్టు మీంచి నడుస్తూ కాలుజారి మడిలో దిగబడ్డాను, నా కుడి బూటు ఆ బురదలోనే ఉండిపోయింది. మల్లేశం మోచేతి దాకా చెయ్యి పెట్టి వెతికినా దొరకలేదు. రెండోది కూడా విప్పి గట్టు మీద పెట్టాను.

బావి దగ్గర

తాటాకు పందిరి కింద, నాలుగు దుంగల మీద, ఆరు సిలిండర్ల జర్మనీ ఇంజను బిగించి ఉంది. పొగగొట్టం ఆకాశంలోకి నిలబెట్టారు. పెట్రోలుతో మొదలుపెట్టి, వేడెక్కాక కిరసనాయిలుకు మారుస్తారట. దాని కోసం గౌస్ లోపల ఏవేవో మార్చాడు. ఆయన కూడా అప్పటికే వచ్చి స్పానర్లు పరుచుకుని ఉన్నాడు. ఇంజను మూత మీద కుంకుమ బొట్టు. ఒక పట్టా దాన్నీ పంపునూ కలుపుతోంది. బావి లోతుల్లోంచి నీళ్లు గొట్టం నోటికి వచ్చి, వెలుగు చూసి ఒక్కసారి ఆశ్చర్యపోయినట్టు తెల్లబడి, కాలువలో పడి పరుగెత్తుతున్నాయి.

మల్లేశం తల్లి ఎల్లవ్వ పార పట్టుకుని మడికి నీళ్లు మళ్లిస్తోంది. వచ్చి, నా పాదాల నుంచి తల దాకా చూసింది.

"గీయననా?"

"అవ్ అవ్వా. జమీందారు ఇంటాయన."

"దొరవా? మా తాన గూడ ఉండె దొరలు. గిప్పుడు గడీల గబ్బిలాలున్నయ్."

"మా ఇంట్లోనూ ఉన్నాయి" అన్నాను.

ఆమె మొహం కాస్త మెత్తబడింది. పందిరి కింద కూర్చోబెట్టి, సర్వపిండి ముక్క, గ్లాసుడు చాయ్ ఇచ్చింది. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు కలిపి గిన్నెకు ఒత్తి కాల్చిన రొట్టె అది. అడుగు మాడిన చోట మరీ రుచి.

నేను అసలు సంగతికి వచ్చాను. ఇంజను తీసి బావికి పెట్టినవాళ్లు ప్రకటనలో ఆ మాట ఎందుకు రాయలేదని అడిగాను. తల్లీకొడుకులు నిజంగానే ఆశ్చర్యపోయారు.

"పంట నడుమల ఎద్దును అమ్మితే ఎట్ల అమ్ముతరు?" అంది ఎల్లవ్వ. "కొన్నోడు ముందుగాల కొంత ఇచ్చి పోతడు. ఎద్దు ఉగాది దాంక మన తాన్నే పని జేస్తది. కోతలైనంక వచ్చి తోల్కపోతడు. గందుకే సగం ధర. గది అందరికి ఎర్కే గద? పేపర్ల రాసుడేంది?"

"అది ఎద్దు. ఇది కారు."

"పని జేస్తలేదా?"

ధర ఎందుకు అంత తక్కువో అప్పటికి తెలిసింది. దొంగతనం లేదు, చావు లేదు. పంట మధ్యలో ఎద్దుకు కట్టే సగం ధర లెక్కనే వీళ్లు గంటకు రెండు వందల నలభై కిలోమీటర్లు పరుగెత్తే కారుకు కట్టారు. లోకమంతటా అలాగే కడతారని అనుకున్నారు.

రథం సంగతి చెప్పాను. ఖాళీ చోటు సంగతీ చెప్పాను. మధ్యలో ఎవరూ నవ్వలేదు.

"ఎన్నొద్దులున్నది?" అని మల్లేశం అడిగాడు.

"ఇరవై."

గౌస్ గడ్డం గోక్కున్నాడు. "ఊరేగింపుల స్పీడెంత సార్? మనిషి నడిచేంత. దానికి ఇంజనెందుకు? కారు లారీల ఏసుకపోన్రి. నలుగురు ఎనకనుంచి దొబ్బితే పోతది. బానెట్ ఎవరు తెరుస్తరు?"

"కోడిని గూడ తీస్కపోవాలె" అంది ఎల్లవ్వ. ముగ్గురూ నవ్వారు.

నేను నవ్వలేదు. "మా ఇంట్లో లేనిది లేదనే చెప్పాం. ఉన్నట్టు తిప్పలేదు" అన్నాను. అది వాళ్లకు నచ్చిందో లేదో తెలియదు కానీ నవ్వు ఆగింది.

మల్లేశం లేచి నిలబడ్డాడు. "అట్లయితే గిప్పుడే ఊడదీద్దాం గౌస్ భాయ్. నాలుగొద్దులల్ల కారుకు బిగియ్యి. సారు ఎంత దూరంకెల్లి వచ్చిండు! పైసలు చేతుల వడితే నేను బోరు ఏస్త."

"బోర్ల నీళ్లు వడుడు నీ చేతులున్నదా?" ఎల్లవ్వ పార నేలకు గుచ్చింది. "నిన్న ఏసిన నాట్లు. నాలుగొద్దులు నీళ్లు లేకుంటే ఉంటయా? నిరుడు పక్క మడి ఆయనది ఎండింది. ఆయన బొంబాయి పోయిండు, ఇంకా రాలే."

"అవ్వా, బేరానికి వచ్చినాయన ముంగట..."

"ఆయన ముంగటనే అంటున్న." ఆమె నా వైపు తిరిగింది. "పైసలిచ్చేటోనివి నువ్వు. నువ్వే జెప్పు. నీ దేవుని ఎనక బండి ముందా, గీ మడికి నీళ్లు ముందా? నువ్వన్నట్లే జేస్తం. మాట తప్పం."

పద్దెనిమిదేళ్ల ఖాళీ చోటు, ధర్మకర్తల కబురు, అమ్ముకున్న తోట, అన్నీ ఒకేసారి కళ్లముందు నిలబడ్డాయి. డబ్బు ఇస్తాను, ఇంజను తీసెయ్యండి అంటే వాళ్లు తీసేస్తారు. నా హక్కే అది.

అప్పుడు మల్లేశం ఇంజను పక్కన వేలాడుతున్న తీగ చూపించాడు. కారులో కాలి కింద ఉండే యాక్సిలరేటరు తీగ అది. కొసకు చిన్న కర్రముక్క కట్టి ఉంది. "ఏదైతె గానీ, ఒక్కపారి గుంజి చూడు సారూ. రేపు నీదే గద."

పట్టుకుని లాగాను.

ఇంజను గొంతు మారింది. మంద్రంలో ఉన్నది ఒక్క ఊపులో పైకి వెళ్లింది. కాళ్ల కింద నేల సన్నగా వణికింది. బురదలో పాదాలు, చేతిలో తీగ, కళ్లు మూసుకున్నాను. గుండ్రాళ్లు వెనక్కి పోయాయి. ఇసుక వెనక్కి పోయింది. మా ఊరి వీధి, దివాణం గేటు, రథం ముగ్గు అన్నీ వెనక్కి పోయాయి. ఎక్కడికి వెళుతున్నానో తెలియలేదు. వెళుతున్నానని మాత్రం తెలిసింది. కళ్లు తెరిచేసరికి గొట్టం నోట్లోంచి నీళ్లు నా అంత ఎత్తుకు లేచి నా పాదాల మీద పడుతున్నాయి. అవి బావి అడుగునుంచి వచ్చిన గోరువెచ్చటి నీళ్లు. అవతలి మడిలో, నిన్న నాటిన నారు కొసలు ఒక్కొక్కటే నీటిలో నిలబడుతున్నాయి.

"మీ దగ్గర ఎద్దు బేరం ఎలా ఖాయం చేస్తారు?" అని అడిగాను.

ఎల్లవ్వ నా మొహం చూసి చెప్పింది. "కొన్నోడు తాడు చేతుల వట్టుకుంటడు. మళ్ల అమ్మినోని చేతుల వెడుతడు. గంతే. గప్పటికెల్లి ఎద్దు కొన్నోనిది, పని అమ్మినోనిది."

తీగ ఇంకా నా చేతిలోనే ఉంది. దాన్ని ఆమె చేతిలో పెట్టాను.

"ఉగాదికి వస్తాను" అన్నాను.

ముందు ఇవ్వాల్సింది ఇవ్వడానికి కోటు జేబు విప్పబోతే మా ఆవిడ కుట్టు రాలేదు. ఎల్లవ్వ పందిరికి గుచ్చిన కొడవలి తీసి, నా ఛాతీ మీద ఒక్క పోగు కూడా తెగకుండా ఆ కుట్టు మాత్రం కోసింది. డబ్బు తీయబోతే, పక్క జేబులోంచి ముందుగా రేగు గింజలు రాలాయి.

తిరుగుదారి

మల్లేశం తన రబ్బరు చెప్పులు నా కాళ్లకు తొడిగించాడు. మెత్తగా ఉన్నాయి. వాటితోనే బస్సెక్కి, వాటితోనే రైలెక్కి, వాటితోనే మా ఊరి వీధిలో నడిచాను. బస్సులో వెనక్కి వాలి కూర్చున్నాను. ఆ సంగతి నాకు సికింద్రాబాదు దగ్గరపడ్డాక తెలిసింది.

ఇంటికి వెళ్లిన రోజే ధర్మకర్తలకు ఉత్తరం రాశాను: మా బండి ఈ ఏడు రాదు, చోటు తమకు తోచినవారికి ఇవ్వవచ్చు. మా ఆవిడ చదివి, మడిచి నా చేతికిచ్చింది. కాసేపటికి, "ఆ సర్వపిండి ఎలా చేస్తారన్నారు?" అని అడిగింది.

రథం రోజున మిల్లు యజమాని కారు తెల్లగా, దండలతో, పద్దెనిమిదేళ్ల ఖాళీ చోట నిలబడింది. నేను దాని పక్కగా నిలబడ్డాను. తెలిసినవాళ్లు చాలామంది నన్ను చూడనట్టు చూశారు. ఒక ధర్మకర్త మాత్రం దగ్గరకు వచ్చి, అందరూ వినేలా అడిగాడు.

"సిద్దిపేట వెళ్లి జర్మనీ కారు కొన్నారని విన్నామండి బాబుగారూ. ఏదీ మరి?"

రథం తాళ్లు బిగిశాయి. జనం ఒక్కసారిగా గోవిందా అని కేక వేశారు. ఆ కేక ఆగేదాకా ఆగి, జవాబు చెప్పాను.

"పనికి వెళ్లింది. కోతలయ్యాక వస్తుంది."

చెప్పి, నడవడం మొదలుపెట్టాను.